చివర్లో కెమెరా: ఉత్తర చెన్నై బడిలో ఒక ఫోటో ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచాక

ఈ ఏడు ఎనిమిదికీ తొమ్మిదికీ డ్రాయింగుతో పాటు ఫోటోగ్రఫీ కూడా చెప్పమన్నారు. వారానికి రెండు పీరియడ్లు. అవి పక్కపక్కనే పడేలా టైంటేబుల్ వేయించుకున్నాను, నలభై నిమిషాల్లో కాగితం తడిపి ఆరబెట్టడం కుదిరే పని కాదు. మా బడి ఉత్తర చెన్నైలో, కొరుక్కుపేట దాటాక. పిల్లల్లో చాలామందివి తాతల కాలంలో నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పనుల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. క్లాసులో మాట తెలుగులో మొదలై తమిళంలో ముగుస్తుంది.

బడికి కెమెరా లేదు, కొనే డబ్బూ లేదు. పిల్లల ఫోన్లు గేటు దాటి లోపలికి రాకూడదు. "మరి ఫోటోగ్రఫీ ఎలా చెప్తావమ్మా?" అని హెచ్ఎం మేడమ్ మొహమాటంగా అడిగారు. నిజం చెప్పాలంటే నాకు అదే కలిసొచ్చింది. ఫోన్ చేతికిస్తే ఈ వయసు పిల్లలు పీరియడ్ అయ్యేలోపు వంద ఫోటోలు తీస్తారు. వాటిలో ఒక్కదాన్ని చూపించి వెలుగు ఎటునుంచి పడుతోందని అడిగితే తల గోక్కుంటారు. ముందు కెమెరా భాగాలు బోర్డు మీద రాయించి, తర్వాత తోటలోకి తీసుకెళ్లి మందారపువ్వును ఫోటో తీయించే వరస నాకు ఎప్పుడూ నచ్చలేదు. ముందు వెలుగు, తర్వాత పెన్సిలు, ఆ తర్వాత కాగితం, చివర్లో కెమెరా. ఈ ఏడంతా ఇదే వరస. డ్రాయింగుకొకటి, ఫోటోకొకటి అని రెండు నోటుబుక్కులు పెట్టించలేదు, రెండింటికీ ఒకటే.

జూన్ చివర: స్టోర్ రూం

మేడమీద విరిగిన బెంచీలు పడేసే గది ఒకటుంది, కిటికీ వీధి వైపు. వాచ్‌మన్ అన్న సాయంతో బెంచీలు ఒక పక్కకు జరిపి, కిటికీకి నల్ల చార్టులు రెండు పొరలు అంటించాం. వెలుగు అంచుల నుంచే ఎక్కువ దొంగతనంగా వస్తుంది, కాబట్టి టేపు మధ్యలో కంటే అంచుల్లో ఎక్కువ ఖర్చయింది. చార్టు మధ్యలో సెంటీమీటరు వెడల్పు రంధ్రం చేసి, ఎదురుగా పాత తెల్ల దుప్పటి కట్టాం.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా "ఏమీ లేదు మిస్" అనే గోల. తర్వాత దుప్పటి మీద ఎదుటి మేడ తలకిందులుగా తేలింది. దాని మీద దండెం, దండెం మీద లుంగీ. ఒక ఆటో పైకప్పు కిందికి పెట్టుకుని ఎడమ నుంచి కుడికి పోయింది. అరుపులకు కింద లెక్కల సారు పైకి వచ్చేశారు. ఆయన కూడా కాసేపు నిలబడి చూసి వెళ్లారు.

ఎందుకు తలకిందులు అన్న ప్రశ్నకు బోర్డు మీద బొమ్మ గీయకుండా దారం వాడాను. కిటికీకి ఇవతల గదిలోనే ఒక పొడుగు పిల్లాణ్ణి నిలబెట్టి, మధ్యలో రంధ్రం చేసిన అట్ట పట్టించి, అతని తల దగ్గర నుంచి ఒక దారం, కాళ్ల దగ్గర నుంచి ఒక దారం ఆ రంధ్రంలోంచి లాగాం. తల దారం నేలకు దిగింది, కాళ్ల దారం పైకి వెళ్లింది. వెలుగు వంకర తిరగదు, తిన్నగానే పోతుంది. ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

రంధ్రం పెద్దది చేస్తే బొమ్మ ప్రకాశంగా వస్తుంది కానీ మసకబారుతుంది. చిన్నది చేస్తే స్పష్టంగా ఉంటుంది కానీ చీకటి. కెమెరాలో అపెర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రం గురించి తర్వాత చెప్పాల్సిన పాఠంలో సగం ఇక్కడే అయిపోయింది. ఒక అమ్మాయి మరుసటి వారం తాతయ్య పాత కళ్లద్దాలు తెచ్చింది, ప్లస్ రెండు పవరు. రంధ్రం పెద్దది చేసి ఆ అద్దం అడ్డం పెట్టి, తెల్ల కాగితాన్ని దగ్గరికి జరుపుకుంటూ వస్తే సరిగ్గా అర మీటరు దగ్గర వీధి స్పష్టంగా నిలిచింది. పవరు రెండైతే దూరం మీటరులో సగం. సైన్సు పుస్తకంలో ఉన్న లెక్కే, కానీ అందులో దండెం మీద లుంగీ లేదు.

వచ్చిన బొమ్మ మీద చార్టు పెట్టి అందరూ పెన్సిలుతో గీశారు. నిలువు గీతలు నిలువుగా, దూరం మేడ చిన్నగా, దగ్గరి కరెంటు స్తంభం పెద్దగా. పర్‌స్పెక్టివ్ గురించి నేను మాట్లాడే అవసరమే రాలేదు. ముగ్గులు బాగా వేసే పిల్లల చెయ్యి ఇక్కడ కూడా తిన్నగా సాగింది. మిగతావాళ్లు బొమ్మ కదులుతోందని ఫిర్యాదు చేశారు. కదిలేది దుప్పటి. ఫ్యాన్ ఆపించాను, ఆ తర్వాత గదిలో ఉక్కపోత భరించడం కష్టమైంది.

జూలై: నీలం కాగితం

ఇప్పుడు సయనోటైపు, అంటే ఎండతో కాగితం మీద నీలం అచ్చు వేయడం. 1842లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. కెమెరా అక్కర్లేదు, చీకటి గది అక్కర్లేదు, ఎండ చాలు. చెన్నైలో ఎండకు కొదవా?

కావలసినవి రెండు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక సీసా, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు మరో 100 మిల్లీలీటర్లలో ఇంకో సీసా. వాడే ముందు రెండూ సమపాళ్లలో కలిపి, కిటికీలు మూసిన గదిలో కాగితం మీద బ్రష్షుతో పూయాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలిన చోట ఇనుము రూపం మారి, ఫెర్రిసయనైడ్‌తో కలిసి నీళ్లలో కరగని ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం రంగు అవుతుంది. నీడ పడిన చోట ఏమీ జరగదు, కడిగితే పోతుంది.

సీసా మీద "సయనైడ్" అన్న మాట చూసి ఒక నాన్నగారు నేరుగా బడికి వచ్చేశారు. ఆయన టెన్షన్ పడటంలో తప్పులేదు. సైన్సు సారు కూర్చోబెట్టి వివరించారు: ఇందులో సయనైడ్ ఇనుముతో గట్టిగా కట్టుబడి ఉంటుంది, మామూలు వాడకంలో విడిపోదు, గాఢమైన ఆమ్లం పోసి వేడి చేస్తే మాత్రం విషవాయువు వస్తుంది, అందుకే ల్యాబులో ఆసిడ్ సీసాలున్న బల్ల దగ్గరికి దీన్ని తీసుకెళ్లం. పొడి తూచేది, కలిపేది పెద్దవాళ్లమే. పిల్లలకు గ్లౌజులు, పాత షర్టులు. తినే టిఫిన్ బాక్సులు ఆ గదిలోకి రాకూడదు. ఈ పని చేయాలనుకునే టీచర్లు తల్లిదండ్రులకు ముందే ఒక చీటీ రాసి పంపడం మంచిది. మేం తర్వాత అదే పద్ధతి పెట్టుకున్నాం.

జిరాక్స్ కాగితం తడిలో చిరిగిపోతుంది. డ్రాయింగు షీటు, అదీ కొంచెం దళసరిది, నిలబడింది. పూసిన కాగితం పసుపుపచ్చగా ఉంటుంది. దాని మీద వస్తువు పెట్టి, పైన ఫోటో ఫ్రేము అద్దం బోర్లించి, మేడమీద ఎండలో ఉంచాలి. పసుపుపచ్చ మెల్లగా నీలమై, దాన్నీ దాటి బూడిద రంగుకు తిరిగితే అయినట్టు. జూలై మధ్యాహ్నం మాకు ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు పట్టింది, మబ్బుంటే రెండింతలు.

పిల్లలు ముందు తెచ్చినవి ఆకులే: మునగాకు, కరివేపాకు, వేప. మునగాకు అచ్చు చూడముచ్చటగా వస్తుంది, వేపాకు అంతగా రాదు, అద్దం కింద కూడా మడత పడి కూర్చుంటుంది. కాశిమేడు హార్బరు దగ్గర ఉండే పిల్లాడు చిరిగిన వల ముక్క తెచ్చాడు. ఆ రోజు అందరి దృష్టీ దాని మీదే. ముడులు, చిరుగులు, ఒక చోట వేరే రంగు దారంతో వేసిన అతుకు, అన్నీ తెల్లగా దిగాయి. అతుకు తన నాన్న వేసిందని చూపించాడు. 1843లో అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచును ఇలాగే నీలం కాగితాల మీద దింపి, ఫోటోలతో తొలి పుస్తకం మొదలుపెట్టిందని అప్పుడు చెప్పాను. ముందే చెప్పి ఉంటే ఎవరికీ పట్టేది కాదు.

మా బోరు నీళ్లతో కడిగితే నీలం పాలిపోయింది. నీళ్లలో క్షారం ఉంటే ప్రష్యన్ బ్లూ నిలవదు, సబ్బు నీళ్లు తగిలినా అంతే. మొదటి కడుగుడు బేసిన్‌లో నిమ్మకాయ పిండితే రంగు నిలిచింది. ఇంత పలచని నిమ్మ పులుపుతో భయం లేదు. పసుపు పూర్తిగా పోయేదాకా నీళ్లు మార్చి కడగాలి, తర్వాత దండెం మీద క్లిప్పు పెట్టాలి. మరుసటి రోజుకి నీలం ఇంకా చిక్కబడుతుంది.

కావాలనే పాలిపోజేయడం కూడా నేర్చుకున్నాం. చిటికెడు వాషింగ్ సోడా నీళ్లలో అచ్చును ముంచితే నీలం పోయి లేత పసుపు మిగులుతుంది. దాన్ని ఫిల్టరు కాఫీ డికాక్షన్‌లో నానబెడితే గోధుమ, నలుపు రంగులు ఎక్కుతాయి. స్టాఫ్ రూంలో డికాక్షన్ ఎవరు తీసుకెళ్తున్నారని రెండు రోజులు విచారణ జరిగింది.

ఆగస్టు 18

చెన్నై 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, కాబట్టి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ ఆగస్టు 18 ప్రాంతంలోనూ, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్‌లో పరీక్షల గోల. ఆగస్టుదే మాకు దొరికేది.

మేడమీద పూసిన కాగితాల మీద స్టీలు గ్లాసు బోర్లించాం, పెన్సిళ్లను బంకమట్టిలో నిలువుగా గుచ్చాం. ఉదయం పది గంటలకు పెట్టిన కాగితంలో పెన్సిలు నీడ పొడుగ్గా, అంచు మసకగా దిగింది. 12:13 ప్రాంతంలో పెట్టిన దానిలో పెన్సిలు మట్టిముద్ద అంత గుండ్రటి చుక్కే. గ్లాసు ఒక వట్టి వృత్తం. కాగితం మీద రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, నట్టనడి మధ్యాహ్నం మనుషుల ఫోటోలు ఎందుకు బాగుండవో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. కళ్ల కింద నలుపు, ముక్కు కింద నలుపు, గోడల మీద ఏ ఆకారమూ లేదు. "అందుకేనా మిస్, పెళ్లి ఫోటోగ్రాఫర్లు పొద్దున్నే బయటికి లాక్కెళ్తారు?" అని ఒకమ్మాయి. అందుకే.

సెప్టెంబరు: క్వార్టర్లీకి ముందు

లెక్కల పోర్షన్ మిగిలిందని మా పీరియడ్లు రెండు వారాలు పోయాయి. ఈ సంగతి మీద నాకు బోలెడు అభిప్రాయాలున్నాయి, ఇక్కడ రాయను. దొరికిన ఒక్క శనివారం ఎగ్మోరు మ్యూజియంకి వెళ్లాం.

అమరావతి శిల్పాల గది. 1845లో గుంటూరు కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించి, రాళ్లను మద్రాసుకు పంపించాడు. వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కి ఓడెక్కింది. ఆ ఓడ బయల్దేరేలోపే, 1858లో, లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి ఈ రాళ్లను ఫోటోలు తీశాడు. 1856లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ని అధికారిక ఫోటోగ్రాఫరుగా నియమించింది. మద్రాసు ఫోటోగ్రఫిక్ సొసైటీ పుట్టిందీ, మన రాయపురం రైల్వే స్టేషను తెరిచిందీ అదే ఏడు. రాయపురం స్టేషను పిల్లలకు రోజూ కనిపించేదే కాబట్టి ఆ ఏడు వాళ్లకు గుర్తుండిపోయింది.

మ్యూజియంకి దగ్గర్లోనే ఉన్న చిత్రకళా కళాశాలను డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ 1850లో మొదలుపెట్టాడు. బొమ్మలతో పాటు ఫోటోగ్రఫీ కూడా అక్కడ 1850ల్లోనే నేర్పారు. రెండూ ఒకే చోట నేర్పడం ఈ ఊరికి కొత్త కాదన్నమాట. కొత్తగా వేరు చేసింది మనమే, టైంటేబుల్ సౌకర్యం కోసం.

ట్రైప్ కథలో పిల్లలకు బాగా నచ్చిన భాగం తంజావూరు. బృహదీశ్వరాలయం అధిష్ఠానం, అంటే గుడి అడుగు పీఠం మీద చెక్కిన శాసనాన్ని వరసగా తీసి, 21 ఫోటోలు అతికించి, దాదాపు 19 అడుగుల పొడవు చుట్టగా చేశాడు. నాకు నచ్చిన భాగం దాని తర్వాతిది: 1859లో వచ్చిన గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్, ఖజానా పరిస్థితిలో ఫోటోగ్రఫీ విలాసం అని ఆ పనిని ఆపించేశాడు. హెచ్ఎం మేడమ్‌కి కూడా చెప్పాను. నవ్వారు. లెక్కలకు పోయిన మా పీరియడ్లు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

శిల్పాల గదిలో ఎవరి చేతా ఫోటో తీయించలేదు. ఒక్కొక్కరు ఒక తామరపువ్వు పతకాన్నో, పూర్ణకుంభాన్నో ఎంచుకుని గీశారు. గీస్తే తప్ప తెలియని విషయం ఒకటుంది: రాతిలో గీతలు లేవు, నీడలే ఉన్నాయి. బడికి వచ్చాక మేడ గోడ మీది పాత సిమెంటు అక్షరాల మీద టార్చి వేసి చూశాం. ఎదురుగా వేస్తే అక్షరాలు గోడలో కలిసిపోతాయి. పక్కనుంచి, గోడకు దాదాపు ఆనించి వేస్తే రంగు పొరల కింద పూడిపోయిన ఏడాది అంకెలు కూడా లేచాయి.

అక్టోబరు, నవంబరు

వాన. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక సయనోటైపు పని దాదాపు ఆగిపోతుంది. ఎండ లేకపోవడం కంటే తేమ పెద్ద సమస్య. పూసి పెట్టిన కాగితాలు బీరువాలోనే రంగు మారుతున్నాయి.

పాలపొడి డబ్బాలతో సూదిరంధ్రం కెమెరాలు చేశాం. శీతల పానీయం డబ్బా రేకును కత్తిరించి, సన్న సూదితో గుచ్చి, ఉప్పుకాగితంతో రుద్ది నున్నన చేశాం. రంధ్రానికీ కాగితానికీ పది సెంటీమీటర్ల దూరం ఉంటే రంధ్రం 0.45 మిల్లీమీటర్లు ఉండటం మంచిది. నలుపు తెలుపు ఫోటో కాగితానికి మంచి ఎండలో అర నిమిషం చాలు, వానాకాలం మబ్బులో ఐదారు నిమిషాలు. ఎర్ర బల్బు కింద డెవలప్ చేయాలి, ఆ కాగితానికి ఎరుపు కనిపించదు. రసాయనం 20 డిగ్రీల దగ్గర ఉండాలి, మన కుళాయి నీళ్లు ఎప్పుడూ అంతకు మించి వెచ్చగానే ఉంటాయి, కాబట్టి ట్రే కింద ఐసు. ఫోటో కాగితం ఖరీదు, ఒక్కొక్కరికి ఎక్కువ ఇవ్వలేకపోయాను. అందరికీ చెప్పదగ్గ పని కాదిది, ఆసక్తి ఉన్న ఐదారుగురికి సరిపోతుంది.

డిసెంబరు: వీధి పొడవునా

ట్రైప్ లాగా 21 ముక్కలతో మన వీధి చేద్దామన్నది పిల్లల ఆలోచనే. ఇప్పుడు కెమెరా వచ్చింది: నా పాత ఫోనూ, హెచ్ఎం మేడమ్ ఇచ్చిన ఇంకో ఫోనూ.

బడి ప్రహరీ పొడవునా చాక్‌పీసుతో గుర్తులు పెట్టాం. ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో జంట, ఒక్కటే ఫోటో. ఫోన్ ఎత్తు మారకుండా కింద రాయి కట్టిన దారం వేలాడదీశాం, రాయి నేలకు తగిలీ తగలకుండా ఉండాలి. తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే వెలుగు కొలత లాక్ అవుతుంది, లేకపోతే ఒక ముక్క తెల్లగా, పక్క ముక్క నల్లగా వస్తుంది. పొద్దున ఎనిమిదిలోపు అంతా అయిపోవాలి. ఒక్కటే ఫోటో అనేసరికి ఎంత సేపు చూశారో! ఫ్రేములో స్తంభం ఎక్కడ పడాలని ఒక జంట గుర్తు దగ్గరే గొడవ పడింది. జూన్‌లో ఇదే ఫోన్ ఇచ్చి ఉంటే ఆ గొడవ పుట్టేది కాదు.

మనుషులు పడే ముక్కలకు ముందే అడగాలన్నది షరతు. టీకొట్టు అన్న, జిరాక్స్ షాపతను, ఇస్త్రీ బండి ఆయన సరేనన్నారు. పూలమ్మే అవ్వ ఒప్పుకోలేదు. "నన్ను తియ్యొద్దు నాయనా, కావాలంటే బుట్టను గీసుకో పో" అంది. పిల్లలు నా వైపు చూశారు. నేనేం చెప్పలేదు. ఆ జంట ఫోన్ ఇచ్చేసి, ఆమె ఎదురుగా మెట్టు మీద కూర్చుని బుట్ట, గొడుగు, మల్లెపూల దండలు, కత్తెర గీసుకొచ్చారు.

ఫోటోలను ఫోన్‌లోనే నలుపు తెలుపు చేసి, కాంట్రాస్టు పెంచి, నలుపు తెలుపులను తారుమారు చేసి, అంటే నెగెటివ్ చేసి, జిరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీట్ల (వెలుగు దూరే ప్లాస్టిక్ షీట్ల) మీద లేజర్ ప్రింటు తీయించాం. ఒక్క షీటు నలుపు చాలదు, ఎండ దూసుకుపోతుంది. ఒకే ప్రింటు రెండు తీయించి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి టేపు వేస్తే సరిపోయింది. పూలబుట్ట బొమ్మను మాత్రం ట్రేసింగ్ పేపరు మీద ఇండియన్ ఇంకుతో గీయించి, దాన్నే నేరుగా ఎండలో పెట్టాం. నల్ల గీత వెలుగును ఆపుతుంది కాబట్టి నీలం మీద తెల్ల గీతలుగా వచ్చింది.

ఆ ముక్కను ఇంటికి తీసుకెళ్లిన పిల్లాడి తాతయ్య పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మర్నాడు ఆయనే బడికి వచ్చారు. ఇది బ్లూప్రింటే కదమ్మా అన్నారు. తాము ఎక్కువగా వాడినవి తెల్ల కాగితం మీద నీలి గీతల అమ్మోనియా ప్రింట్లనీ, ఆ వాసనకు కళ్లు మండేవనీ, ఇలా నీలం మీద తెల్ల గీతలున్నవి అంతకంటే పాతవి, బీరువా అడుగున ఉండేవనీ చెప్పారు. పిల్లలు ఆయన్ని ఒక పీరియడంతా వదల్లేదు. డ్రాయింగును అచ్చు వేసే పద్ధతిగా ఫ్యాక్టరీల్లో దశాబ్దాలు బతికింది ఇదేనని నేను చెప్పడం కంటే ఆయన చెప్పడమే బాగుంది.

జనవరి, పొంగల్ సెలవుల తర్వాత

వరండాలో 21 ముక్కలూ దండేనికి క్లిప్పులతో వేలాడదీశాం. ఎండ నేరుగా పడని గోడ చూసుకున్నాం. అవ్వ కూడా వచ్చి చూసింది. మల్లెపూల దండ మరీ పొట్టిగా గీశారనీ, తాను మూర ఎప్పుడూ తక్కువ కొలవననీ గట్టిగానే అంది.

ఇక మార్కులు. బాగా వచ్చిన ప్రింటుకి ఎక్కువ మార్కులు అంటే ఎండ బాగా కాసిన రోజున పనిచేసిన వాళ్లకే మార్కులు. కాబట్టి నోటుబుక్కుకే వేస్తున్నాను: ఫోటోకి ముందు గీసిన స్కెచ్, వెలుగు ఎటునుంచి, ఎంత సేపు పెట్టారు, పోయిన ప్రింటు కూడా అంటించి పక్కన ఎందుకు పోయిందో ఒక వాక్యం. వల ముక్క తెచ్చిన పిల్లాడి ప్రింట్లలో సగం మసకే, నోటుబుక్కు మాత్రం క్లాసులో అందరికంటే బాగుంది. ఆ మార్కుల పట్టీ చూసి ఒకరిద్దరు తల్లిదండ్రులు అడిగారు కూడా, నోటుబుక్కు చూపిస్తే ఊరుకున్నారు.

తొమ్మిదో తరగతి వాళ్లు వచ్చే ఏడు పదికి వెళ్తారు. మా బడిలో పదికి డ్రాయింగు పీరియడ్ లేదు. శనివారం మధ్యాహ్నాలు వస్తామని వాళ్లే దరఖాస్తు రాసి ఇచ్చారు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ ఇంకో వంద గ్రాములు సైన్సు ల్యాబు ఆర్డరులో కలిపి రాశాం. హెచ్ఎం మేడమ్ ఆర్డరు మీద సంతకం పెట్టారు, దరఖాస్తు మీద ఇంకా పెట్టలేదు.